కాంతి ఆపి కూడా రీడింగు చూడు, బిడ్డా

నల్లగొండ

బిడ్డా శ్రావణి,

పాలమూరులో పీజీ ప్రాజెక్టుకు ఫారడే రొటేషన్ (అయస్కాంత క్షేత్రంలో కాంతి పోలరైజేషన్, అంటే కాంతి తరంగం ఊగే దిశ, కొంచెం తిరగడం) కొలుస్తానంటున్నవని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. గర్వంగా అనిపించింది, వెంటనే గుబులు కూడా పుట్టింది. 1845లో ఫారడే సీసం కలిసిన బరువైన గాజులో పట్టుకున్నదాన్ని నువ్వు మంచినీళ్లలో, మైక్రోరేడియన్ల (రేడియన్ కోణంలో పదిలక్షల వంతు) దాకా పట్టాలనుకుంటున్నవు. పట్టొచ్చు.

అన్నిటికంటే ముందు కళ్లు. లేజర్ 1 మిల్లీవాట్ మించొద్దు. బీమ్ ఎక్కడ పడుతుందో చూడటానికి తల బల్ల ఎత్తుకు దించకు, తెల్లకాగితం ముక్కతో వెతుకు. గాజులు, ఉంగరం, వాచీ తీసి పక్కన పెట్టు. ఇందులో మొండితనం చేస్తే నేనే వచ్చి లేజర్ ప్లగ్ పీకేస్తా.

లేజర్‌ను అరగంట వెచ్చబడనియ్యి. పోలరైజర్ (ఒకే దిశలో ఊగే కాంతిని వదిలే జల్లెడ) దాటినంక మధ్యలో అద్దం పెట్టకు. ఈ ఎండల్లో కష్టమే కానీ ఫ్యాను బంద్ చెయ్యి, బీమ్ దారికి పీవీసీ పైపు ముక్క తొడుగు. గాలి కదిలితే బీమ్ ఊగుతది.

రెండు పోలరైజర్లను ఒకదానికొకటి అడ్డంగా పెట్టి చీకట్లో వెలుగు వెతకొద్దు. అక్కడ కాంతి కోణం వర్గంతో పెరుగుతది, 1 మిల్లీరేడియన్‌కు వచ్చేది పదిలక్షల వంతే. నీళ్ల గొట్టం తర్వాత హాఫ్‌వేవ్ ప్లేటు (పోలరైజేషన్ దిశను తిప్పే పలక), దాని వెనక వోలాస్టన్ ప్రిజం (కాంతిని పోలరైజేషన్ బట్టి రెండు కిరణాలుగా చీల్చేది), రెండు ఫోటోడయోడ్లు (కాంతిని కరెంటుగా మార్చేవి) పెట్టు. ప్లేటు తిప్పి రెండింటి మీద సమానంగా కాంతి పడేట్టు చెయ్యి. ఒకదాని యానోడ్‌ను రెండోదాని కాథోడ్‌కు కలిపితే, ఆ కలిసిన చోట తేడా కరెంటే వస్తది. పెంచేది ఆ తేడానే. తేడాను మొత్తంతో భాగిస్తే వచ్చేది కోణానికి రెండింతలు, రేడియన్లలో.

గొట్టం చుట్టూ 10 సెంటీమీటర్ల కాయిల్, 500 చుట్లు, అర ఆంపియర్: అయస్కాంత క్షేత్రం సుమారు 3 మిల్లీటెస్లా. అంత పొడుగు నీళ్లలో ఎర్ర లేజర్‌కు తిరిగేది దగ్గర దగ్గర 1 మిల్లీరేడియన్. కాయిల్ కరెంటును 337 హెర్ట్జ్ లాంటి దగ్గర నడుపు. ఇంటి కరెంటు 50 హెర్ట్జ్, దాని గుణకాలు వద్దు, ట్యూబులైటు 100 దగ్గర మినుకుతది.

ఇప్పుడు అసలు సంగతి. నేనూ చేసిన పొరపాటే ఇది. లాక్-ఇన్‌లో (ఒక్క ఫ్రీక్వెన్సీ సిగ్నల్‌నే ఏరి చూపే పరికరం) సిగ్నల్ చక్కగా, స్థిరంగా నిలబడుతది. కాయిల్ కరెంటు రెట్టింపు చేస్తే రీడింగూ రెట్టింపవుతది. గ్రాఫు గీస్తే తిన్నని గీత. ఇంకేం కావాలనిపిస్తది. అప్పుడు డయోడ్ల ముందు నల్ల కాగితం అడ్డం పెట్టి చూడు. రీడింగు సున్నాకు పడాలి. పడకపోతే, నువ్వు కొలిచింది కాంతిని కాదు. కాయిల్ అయస్కాంత క్షేత్రం డయోడ్ వైర్ల మధ్య ఖాళీలోంచి పోయి, అక్కడ వోల్టేజీ పుట్టిస్తున్నది. అదీ 337 హెర్ట్జే, అదీ కరెంటుతోనే పెరుగుతది, అందుకే లాక్-ఇన్ దాన్ని వేరు చెయ్యలేదు. అల్యూమినియం డబ్బా పెడితే ఈ ఫ్రీక్వెన్సీ దగ్గర పెద్దగా ఆగదు. డయోడ్లను కాయిల్‌కు మీటరు దూరం జరుపు, వైర్లను మెలిపెట్టి పొట్టిగా ఉంచు, డయోడ్ సర్క్యూట్‌కు 9 వోల్టుల బ్యాటరీలు వాడు. బోరు మోటారు ఆన్ అయినప్పుడల్లా గంతులేసే రీడింగుకు కూడా అదే మందు.

కాగితం పరీక్ష దాటినా ఇంకో దొంగ మిగులుతడు. కాయిల్ వణికితే గొట్టం కదిలి, బీమ్ డయోడ్ మీద పక్కకు జరుగుతది. దానికి కాంతి కావాలె కాబట్టి కాగితానికి దొరకదు. గొట్టంలో నీళ్లు తీసేసి ఖాళీగా కొలువు, దాదాపు ఏమీ రావొద్దు. హాఫ్‌వేవ్ ప్లేటును 45 డిగ్రీలు తిప్పితే నిజమైన సిగ్నల్ ప్లస్-మైనస్ గుర్తు మారుతది, వైర్లలో పుట్టింది మారదు. 337కు రెట్టింపు, 674 దగ్గర కూడా చూడు. కాయిల్ వేడి, కరెంటు వర్గంతో పోతది కాబట్టి అక్కడ కనబడుతది.

గొట్టం చివరి గాజు బిళ్లల స్క్రూలు వేళ్లతో తిప్పినంతే చాలు, కారకుంటే సరి. బిగిస్తే గాజులో ఒత్తిడి పుట్టి అదే పోలరైజేషన్‌ను చెడగొడుతది.

నోటుబుక్కులో ప్రతి రీడింగు పక్కన ఒక ఎర్ర కాలమ్ గీయి, 'కాంతి ఆపితే' అని రాయి. వచ్చే ఆదివారం మీ అమ్మతో ఇక్కడికి వచ్చేటప్పుడు ఆ బుక్కు తెచ్చుకో. నేను ముందు చూసేది ఆ ఎర్ర కాలమ్‌నే.

నీ మామ