టీవీలో అమ్మ, ఫోన్‌లో నానమ్మ

"టీవీ, ఫోటోలు, ప్రకటనలు మన బతుకుల్లోకి ఎంతలా చొరబడ్డాయో చూపించే అమెరికన్ నవల ఒక్కటి చెప్పండి" అని అడిగారు. ఒక్కటే అంటే డాన్ డెలిల్లో రాసిన 'వైట్ నాయిస్'. 1985లో వచ్చింది, ఆ ఏడాదే నేషనల్ బుక్ అవార్డు అందుకుంది.

ఈ నవల పేరెత్తితే చాలు, అందరూ ఆ కొట్టం సంగతే చెబుతారు. 'అమెరికాలో అందరూ ఎక్కువగా ఫోటోలు తీసే కొట్టం' అని దారి పొడవునా బోర్డులుంటాయి. జనం వచ్చి ఫోటోలు తీస్తారు, కొట్టాన్ని మాత్రం ఎవరూ చూడరు. బాగుంటుంది, కాదనను. కానీ ఏ వ్యాసం చూసినా అక్కడే ఆగిపోతుంది. 2022లో వచ్చిన సినిమా చూసేసి నవల చదివినట్టే అనుకునేవాళ్లు ఇంకొందరు. నన్నడిగితే ఈ పుస్తకం ప్రాణమంతా మొదటి భాగం చివర్లో ఉంది.

ఇంట్లోవాళ్లు టీవీ చూస్తుంటే ఉన్నట్టుండి అందులో ఆ ఇంటి ఇల్లాలు బాబెట్ కనిపిస్తుంది. చర్చిలో ఆమె చెప్పే క్లాసును లోకల్ చానల్ చూపిస్తోంది. సౌండ్ రాదు. భర్త గుండె గుభేలుమంటుంది. పసివాడు వైల్డర్ తెరమీద అమ్మను తడుముతాడు, దుమ్ములో వాడి చెయ్యి అచ్చు పడుతుంది. అది అయిపోగానే ఆడపిల్లలు అమ్మ కోసం గుమ్మం దగ్గరికి పరుగెడతారు. వాడు మాత్రం ఆరిపోయిన టీవీ ముందే ఏడుస్తూ ఉండిపోతాడు. భర్త స్నేహితుడు ప్రొఫెసర్ మర్రే అక్కడే కూర్చుని నోట్సు రాసుకుంటాడు. ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే.

మేముండేది డాలస్‌లో. గుంటూరు నుంచి అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు మావాడికి రెండేళ్లు. పుట్టినప్పటినుంచీ రోజూ వీడియో కాల్‌లో చూసిన నానమ్మే. అయినా ఎయిర్‌పోర్టులో ఆవిడ చేతులు చాపితే నా కాళ్ల వెనక దాక్కున్నాడు. ఇంటికొచ్చాక నా ఫోన్ తెచ్చి ఒళ్లో పెట్టి "నానమ్మ" అన్నాడు. ఆవిడ ఎదురుగా సోఫాలోనే ఉంది!

అమ్మ ఏమీ అనలేదు. లేచి పడగ్గదిలోకి వెళ్లి అక్కణ్నుంచి వీడియో కాల్ చేసింది. వాడు గంతులేసి తెరకు ముద్దులు పెట్టాడు. ఆవిడ మాట్లాడుతూనే బయటికొచ్చి వాడి ముందు కూర్చుంది. వాడు ఫోన్‌లోకి ఒకసారి, ఆవిడ మొహంలోకి ఒకసారి చూశాడు. తర్వాత ఆవిడ బుగ్గ మీద వేలు పెట్టి, ఫోన్‌లో బొమ్మ మార్చినట్టు పక్కకు జరిపాడు.

ఆ రాత్రి వైల్డర్ పేజీలు మళ్లీ తీశాను, పూర్తిచేయలేకపోయాను. కొట్టం దగ్గర ఆగకండి, అక్కడిదాకా చదవండి.