బావ సంగతి తర్వాత, ముందు నాన్నతో మాట్లాడు

విజయనగరం నుంచి రాసిన ఈ అమ్మాయికి 23 ఏళ్లు. ఫెన్సింగ్‌లో, అంటే కత్తులతో ఆడే పోటీల్లో, ఫాయిల్ అనే సన్నకత్తితో ఆడేది. నెల్లిమర్ల రోడ్డులో ఆటో బోల్తా పడి వెన్నుపూస దెబ్బతింది, నడుము కింద స్పర్శ లేదు. మేనత్త కొడుకుతో అనుకున్న పెళ్లి మాట ఇప్పుడు ఎవరూ ఎత్తడం లేదు. "నన్ను వదిలెయ్యమని బావకి నేనే చెప్పేయాలా?" అని అడుగుతోంది. నాన్న కిట్ బ్యాగుని అటకెక్కించేశారట. చుట్టాలొస్తే తన చక్రాల కుర్చీని లోపలి గదిలోకి తోసి తలుపు దగ్గరగా వేస్తారట. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ మాట అమ్మ ఎత్తితే, "నా కూతురు వికలాంగురాలని నేనే రాయించాలా?" అంటూ అన్నం ముందు నుంచి లేచిపోయారట.

చూడమ్మా, మీ బావకి నోరుంది. చేసుకుంటాడో లేదో అతన్నే చెప్పనీ. అతని తరఫున నువ్వు త్యాగం చెయ్యక్కర్లేదు.

అడిగింది బావ గురించే గానీ, నీ ఉత్తరం నిండా మీ నాన్నే ఉన్నారు. అప్పు చేసి ఆటకి కావాల్సిన మాస్కు, జాకెట్టు కొన్నారని, పోటీలకి జనరల్ బోగీలో నిలబడి వెంట వచ్చారని, ఆ డబ్బంతా బూడిదలో పోసినట్టయిందని రాశావు. కాళ్ల కంటే ఆయనకి బాకీ పడిపోయానన్న బాధే నిన్ను ఎక్కువ తినేస్తోంది. కన్నతండ్రి పెట్టిన ఖర్చుకి పిల్లలు ఎక్కడైనా లెక్క చెబుతారా? ఆయన గుండె పగిలిందని నాకూ తెలుసు. సొంత చెల్లెలి ముందు తల ఎత్తుకోలేకపోతున్నారు. అంతమాత్రాన నిన్ను తలుపు వెనక దాచే హక్కు ఆయనకి లేదు.

హంగేరీ ఆటగాడు పాల్ సెకెరెష్ 1988 సియోల్ ఒలింపిక్స్‌లో ఫాయిల్ జట్టుతో కాంస్యం గెలిచాడు. 1991లో బస్సు ప్రమాదం అతన్ని వికలాంగుణ్ని చేసింది. మరుసటి ఏడాదే బార్సిలోనా పారాలింపిక్స్‌లో చక్రాల కుర్చీ ఫెన్సింగ్‌లో స్వర్ణం కొట్టాడు. ఆ ఆటలో కుర్చీలను కదలకుండా బిగించేస్తారు. వెనక్కి తగ్గే వీలుండదు, అంతా నడుము పైభాగంతోనే. నువ్వూ ఆడి తీరాలని అనను. అది డాక్టరుతో మాట్లాడి నువ్వు తేల్చుకోవాల్సిన విషయం. నీ బ్యాగు అటక మీద ఉండాలో కింద ఉండాలో చెప్పాల్సింది కూడా నువ్వే.

ఇవాళే నాన్నని ఆ బ్యాగు దింపమను. బ్లేడుకి తుప్పు పట్టి ఉంటుంది, ఇద్దరూ కూర్చుని తుడవండి, ఆ పనిలో మాట దానంతట అదే వస్తుంది. ఈసారి మేనత్త వచ్చినప్పుడు ఆయన నిన్ను లోపలికి తొయ్యబోతే చక్రాలకి బ్రేకు వేసుకో. "ఇక్కడే కూర్చుంటాను నాన్నా" అను. గొంతు పెంచక్కర్లేదు, కదలకు, అంతే. సచివాలయంలో సదరం స్లాట్ ఎప్పుడిస్తారో అమ్మని కనుక్కోమను. నాన్న రానంటే అమ్మతో వెళ్లు.