పొయ్యి వెనక గోడకి ఏ టైలు, ఏ రంగు

అమ్మాయీ,

ఆశీస్సులు. వంటగట్టు పూర్తయిందనీ, పొయ్యి వెనక గోడకి ఏం వేయించాలో తేలక పని ఆగిందనీ రాశావు. అల్లుడు నల్ల గాజు అంటున్నాడు, నీకేమో తెల్ల పాలరాయి మీద మనసు. రెండూ అందమైనవే. కానీ ఆ గోడ మీద రోజూ చిందేది తాలింపు నూనె, పసుపు, చింతపండు పులుసు. వాటికి తట్టుకునేది చూడాలి.

పాలరాయి సున్నపు జాతి. పులుసు చుక్క కాసేపు నిలిచిందంటే అక్కడ మెరుపు చచ్చిపోతుంది. అది మరక కాదు, రాయే కరిగింది. మళ్లీ పాలిష్ పట్టించాల్సిందే. గాజుకి జాయింట్లుండవు, తుడవడం తేలికే. అయితే పొయ్యి వెనక టఫెన్డ్ గాజే, అంటే వేడికి తట్టుకునేలా గట్టిపరిచిన గాజే వాడాలి. టఫెనింగ్ అయ్యాక దాన్ని కోయలేరు, బెజ్జం వేయలేరు. స్విచ్ బోర్డు కొలత కాస్త తప్పినా పలక మొత్తం మళ్లీ చేయించాలి. పైగా మీది బోరు నీళ్లు. నల్లటి నునుపు మీద ప్రతి చుక్కా ఆరి తెల్లగా కనబడుతుంది. పీవీసీ, యాక్రిలిక్ షీట్లు పొయ్యి దరిదాపులకి రానివ్వకు, వేడికి వంకర్లు పోతాయి.

గ్లేజ్డ్ సిరామిక్ వాల్ టైల్, అంటే పైన గాజులాంటి నునుపు పూత ఉన్న గోడ టైల్, 1×2 అడుగుల సైజు, అడ్డంగా వేయించు. గోడకి విట్రిఫైడ్, అంటే నేలకి వేసే గట్టి టైల్, అక్కర్లేదు. అది నీరు పీల్చదు కాబట్టి ఉత్త సిమెంటుకి సరిగా పట్టదు. గరుకుగా, ఎత్తుపల్లాలుగా ఉన్న టైల్లో జిడ్డు దాక్కుంటుంది. నడుమ నడుమ పెట్టే పళ్లబుట్టల బొమ్మల టైల్స్ వద్దు, ఒకటి పగిలితే జత దొరకదు.

ముందుగా పాడయ్యేది టైలు కాదు, జాయింటు. పసుపులోని రంగు నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. ఆ నూనె జాయింట్లలో నింపే సిమెంటు గ్రౌటులోకి ఇంకాక సబ్బు పెట్టి రుద్దితే ఇంకా ఎర్రబడుతుంది, పసుపులో సున్నం కలిపితే పారాణి అయినట్టే. అందుకే చిన్న చిన్న ముక్కల టైల్స్ వద్దంటాను. టైల్స్ మధ్య ఎడం సమంగా ఉండేలా 2 మిల్లీమీటర్ల స్పేసర్లు పెట్టించి, సిమెంటుది కాకుండా ఎపాక్సీ అనే రెసిన్ గ్రౌటు నింపించు. మీ గోడకి కిలో ప్యాకెట్ చాలు. కొంచెం కొంచెంగా కలిపి, గట్టిపడకముందే టైల్ మీద పడింది తుడిచేయమను. ఆలస్యమైతే మసక పొరలా అంటుకుపోతుంది.

రంగు విషయం. మీ గట్టు చీమకుర్తి నల్లరాయి, లోపల బంగారు చుక్కలు. దాని పక్కన నీలిఛాయ తెలుపు పాలిపోయినట్టుంటుంది. మీగడ రంగో, లేత ఇసుక రంగో తీసుకో. గ్రౌటు టైల్ కంటే ఒక ఛాయ ముదురుగా ఉండాలి. షాపులో దీపాల కింద నిర్ణయించకు. రెండు నమూనాలు తెచ్చి పొయ్యి వెనక నిలబెట్టు, పగలూ రాత్రీ చూడు. చెంచా నూనెలో చిటికెడు పసుపు కలిపి పూసి, రాత్రంతా వదిలి, పొద్దున సబ్బుగుడ్డతో తుడువు. ఛాయ మిగిలితే ఆ టైల్ వద్దు.

ఇక లెక్క. 10 అడుగుల గోడ, 6 అడుగుల గోడ, ఎత్తు 2 అడుగులు. మొత్తం 32 చదరపు అడుగులు కాబట్టి 16 టైల్స్ అంటాడు షాపువాడు. 1×2 అని అమ్మేది నిజానికి 300×600 మిల్లీమీటర్లు. 10 అడుగులంటే 3048 మిల్లీమీటర్లు. ఒక మూల నుంచి 5 నిండు టైల్స్ వేస్తే చివర 4 సెంటీమీటర్ల పట్టీ మిగులుతుంది, చూడ్డానికి అతుకు వేసినట్టుంటుంది. నడుమ 4 నిండు టైల్స్ పెట్టి, అటూ ఇటూ 319 మిల్లీమీటర్ల ముక్కలు కోయించు. ముక్క సగం కంటే పెద్దది కాబట్టి ఒక్కోదానికి ఒక టైల్ పోతుంది. అలా వరసకి 6. చిన్న గోడకి ఇదే పద్ధతిలో వరసకి 4. రెండు వరసలకి 20, విరిగేవాటికీ దాచుకోడానికీ 4, మొత్తం 24. అన్నీ ఒకేసారి కొను, పెట్టెల మీద బ్యాచ్ నంబరు, షేడ్ ఒకటేనా చూడు. తర్వాత తెచ్చినవి ఛాయ కలవవు.

గోడకి లప్పం, రంగు ఉంటే గీకించాలి, లేదంటే టైల్ దాన్ని పట్టుకుని ఊడొస్తుంది. 20 కిలోల టైల్ గమ్ బస్తా ఒకటి సరిపోతుంది. పళ్లున్న తాపీతో టైల్ వెనకంతా గమ్ పట్టించాలి. మేస్త్రీ నాలుగు ముద్దలు పెట్టి అతికిస్తే ఒప్పుకోకు, లోపల డొల్ల ఉండి మేకు బెజ్జం వేసినప్పుడు పగులుతుంది. గట్టుకీ మొదటి వరసకీ మధ్య 3 మిల్లీమీటర్లు వదిలించి సిలికాన్ నింపించు. రాయీ గోడా ఒకేలా కదలవు, సిమెంటు పెడితే పగిలి నీళ్లు దిగుతాయి.

కిటికీ వైపు కొలతలు రాయలేదు. టేపుతో మిల్లీమీటర్లలో కొలిచి పంపు, ఆ లెక్క కూడా వేసి రాస్తాను.

మీ
పెదనాన్న