పాప రోజంతా 'ఎందుకు' అంటుంది, ఏ లైన్‌లో వేయాలి సార్?

ఒడిశా సరిహద్దులో ఉన్న పర్లాకిమిడి నుంచి ఒక అమ్మ రాశారు. కాస్త కుదించి ఇస్తున్నాను: "సార్, మా పాప ఇక్కడ ఒడియా మీడియం గవర్నమెంటు హైస్కూల్లో తొమ్మిది చదువుతోంది. ఇంట్లో తెలుగే. మార్కులు ఓ మాదిరి, లెక్కల్లో బానే వస్తాయి. కానీ రోజంతా ప్రశ్నలే. మహేంద్రగిరి ఎక్కితే సూర్యుడికి దగ్గరవుతాం కదా, మరి అక్కడ చలెందుకు అంటుంది. చందమామ మన బస్సుతో పాటే ఎందుకొస్తాడు, ఆకాశం నిండా అన్ని చుక్కలుంటే రాత్రి చీకటెందుకు అంటుంది. వాళ్ల నాన్నకి కిరాణా షాపు, ఆయన విసుక్కుంటారు. మా ఆడపడుచు విశాఖ హాస్టల్లో వేసి నీట్ కోచింగ్ ఇప్పించమంటోంది, మా తమ్ముడేమో ఇస్రోకి పంపమంటున్నాడు. ఏం చేయమంటారు?"

అమ్మా, ముందు పాప ప్రశ్నల సంగతి చూసి తర్వాత లైను సంగతికి వద్దాం.

మహేంద్రగిరి ఎత్తు సుమారు 1,500 మీటర్లు, అంటే కిలోమీటరున్నర. సూర్యుడు ఉన్నది దాదాపు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో. మనం కిలోమీటరున్నర దగ్గరికి జరిగితే ఆయనకి తెలియను కూడా తెలియదు. అసలు దగ్గరైతే వేడి అనే లెక్కే నిజమైతే సంక్రాంతి రోజుల్లో మన ఒళ్లు కాలిపోవాలి, ఎందుకంటే జనవరి మొదటి వారంలోనే భూమి సూర్యుడికి అన్నిటికన్నా దగ్గరగా వస్తుంది, జులైలో ఉండే దూరం కంటే 50 లక్షల కిలోమీటర్లు దగ్గరగా. మనం చలికి వణుకుతూ భోగి మంట వేసుకునేది కూడా ఆ రోజుల్లోనే. ఎండ గాలిని నేరుగా పెద్దగా వేడి చేయదు. నేలని వేడి చేస్తుంది, నేల తన మీదున్న గాలిని వేడి చేస్తుంది, ఆ గాలి పైకి లేస్తుంది, పైన ఒత్తిడి తక్కువ కాబట్టి విచ్చుకుంటుంది, విచ్చుకునేటప్పుడు చల్లబడుతుంది. సైకిల్ పంపు గబగబా కొడితే అడుగున వేడెక్కుతుంది కదా, దానికి తిరగేసిన పని ఇది. సగటున కిలోమీటరు ఎత్తుకి ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది.

చందమామ సంగతి తేలిక. ఆయన 3,84,000 కిలోమీటర్ల దూరంలో ఉంటాడు, మన బస్సు పది కిలోమీటర్లు పోయినా ఆయన కనిపించే దిక్కు మారదు, పక్కన చెట్లు వెనక్కి పోతుంటాయి కాబట్టి ఆయన మనతో వస్తున్నట్టు అనిపిస్తుంది.

మూడో ప్రశ్న మాత్రం నన్ను కుర్చీలో సరిగ్గా కూర్చోబెట్టింది. నిజం చెప్తున్నాను, ఇంజనీరింగ్ పూర్తి చేసిన పిల్లలు కూడా సూర్యుడు లేడు కాబట్టి చీకటి అని ఊరుకుంటారు. విశ్వానికి అంతు లేక, ఎప్పటినుంచో ఉండి, అంతటా నక్షత్రాలే ఉంటే మనం ఏ వైపు చూసినా చూపు ఎక్కడో ఒక నక్షత్రానికి తగలాలి, రాత్రి కూడా ఆకాశం భగభగలాడాలి. 1823లో ఓల్బర్స్ అనే జర్మన్ ఆయన ఇదే రాశాడు, ఆయన కంటే ముందు కెప్లర్ లాంటి వాళ్లూ దీని గురించి ఆలోచించారు. జవాబు ఏమిటంటే విశ్వానికి వయసుంది, సుమారు 1,380 కోట్ల సంవత్సరాలు, మరీ దూరంలో ఉన్న వాటి వెలుగు మన దగ్గరికి వచ్చేంత టైము ఇంకా గడవలేదు. దానికితోడు విశ్వం సాగుతోంది కాబట్టి దూరం నుంచి వచ్చే వెలుగు కంటికి కనిపించని రకంగా మారిపోతుంది. అంటే రాత్రి చీకటిగా ఉండటమే విశ్వానికి ఒక మొదలుందని చెప్పే సాక్ష్యం. పాప దాన్ని పెరట్లో నిలబడి అడిగింది, వాళ్ల నాన్నగారికి ఈ మాట తప్పకుండా చెప్పండి.

అయితే ఇక్కడే ఆగి ఒక మాట చెప్పాలి. ప్రశ్నలు చాలామంది పిల్లలు అడుగుతారు, అందరూ సైంటిస్టులు అవ్వక్కర్లేదు, అవ్వరు కూడా. నేను చూసేది వేరే: జవాబు చెప్పాక పిల్ల ఏం చేస్తుంది? సరే అని ఫోన్ పట్టుకుంటుందా, లేక 'అయితే మరి' అని ఇంకోటి తీస్తుందా, చేత్తో కొలిచి చూస్తానంటుందా? దీన్ని మీరు ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఒక థర్మామీటర్ కొనండి, జ్వరం చూసేది కాదు, గది వేడి చూసేది. శివరాత్రికి మీ వైపు జనం కొండెక్కుతారు కదా, పాప కూడా వెళ్తే కింద నీడలో ఒకసారి, దారిలో రెండు మూడు చోట్ల, పైన ఒకసారి చూసి టైముతో సహా నోటుబుక్కులో రాయమనండి. పైకి చేరేసరికి ఎండెక్కిపోతే తేడా మనం చెప్పినంత రాకపోవచ్చు, అప్పుడు లెక్క ఎందుకు తప్పిందని పాప తల బద్దలుకొట్టుకుంటే మన దారి మనకి దొరికినట్టే. విసుగొచ్చి పుస్తకం పడేస్తే కూడా నష్టమేం లేదు, బీకాం చదువుకుని షాపు చూసుకుంటూ ఆకాశం గురించి చదువుకోవచ్చు.

ఒడియా పుస్తకాల్లో పఠాణి సామంత గురించి పాప చదివే ఉంటుంది. 1835లో ఖండపడాలో పుట్టిన ఆయన టెలిస్కోపు లేకుండా వెదురుతో, కర్రతో చేసుకున్న పరికరాలతో గ్రహాలని కొలిచారు. రెండు వెదురు బద్దలు ఇంగ్లీషు T అక్షరం ఆకారంలో కట్టి కోణాలు కొలవడం మీ పాపా చేయగలదు.

ఇక లైను. మీ తమ్ముడిగారికి చెప్పండి, ఇస్రో ఎక్కువగా తీసుకునేది ఇంజనీర్లని, అంటే ఎలక్ట్రానిక్స్, మెకానికల్, కంప్యూటర్ చదివిన వాళ్లని. రాకెట్ చేయడం ఒక పని, రాత్రి చీకటెందుకో తేల్చడం ఇంకో పని, ఆ రెండోది పుణెలో ఐయూకా అనే ఖగోళ పరిశోధన కేంద్రం, బెంగళూరులో భారత ఖగోళ భౌతిక సంస్థ లాంటి చోట్ల జరుగుతుంది. దానికి దారి ప్లస్ టూ తర్వాత ఐదేళ్ల సైన్స్ కోర్సు, ఆ మీద పీహెచ్‌డీ. ఇందులో మీ అదృష్టం ఏమిటంటే ఆ కోర్సు చెప్పే కేంద్ర ప్రభుత్వ సైన్స్ సంస్థల్ని ఐసర్లు అంటారు, 2016లో పెట్టిన ఐసర్ మీ పక్కనే బరంపురంలో ఉంది, తిరుపతిలో ఇంకోటి ఉంది, దేశం మొత్తం మీద ఏడున్నాయి. అలాంటిదే ఇంకో సంస్థ నైసర్ భువనేశ్వర్ దగ్గర, ఖుర్దారోడ్ జంక్షన్ ఉన్న జట్నీలో ఉంది. ఐసర్లలో చేరడానికి ఐఏటీ అనే ప్రవేశ పరీక్ష, నైసర్‌కి నెస్ట్ అనే పరీక్ష. ఐఏటీలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, లెక్కలు, బయాలజీ నాలుగింటి నుంచీ పదిహేనేసి ప్రశ్నలు వస్తాయి, కాబట్టి ప్లస్ టూలో లెక్కలూ బయాలజీ రెండూ ఉంచండి. నీట్ కోసమని లెక్కలు తీసేయించడం మాత్రం చేయకండి, అది వెనక్కి తిరగడానికి కష్టమైన మలుపు. రెండూ ఉంటే రేపు పాప డాక్టర్ అవుతానన్నా ఏ తలుపూ మూసుకోదు.

డబ్బు సంగతి కూడా దాచకుండా చెప్తాను. ఐదేళ్ల చదువు, ఆ తర్వాత ఐదారేళ్ల పీహెచ్‌డీ, స్థిరమైన ఉద్యోగం వచ్చేసరికి ముప్ఫై దాటొచ్చు. పెళ్లి గురించి బంధువులు ఎన్ని మాటలంటారో నాకు తెలుసు, మీకు ఇంకా బాగా తెలుసు. కానీ పీహెచ్‌డీలో కూర్చోబెట్టి ఉత్తినే చదివించరు. జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే 2023 నుంచి నెలకి 37,000, తర్వాత 42,000, ఇంటి అద్దె భత్యం అదనం. మీ వారికి ఈ లెక్క చూపించండి. సి.వి.రామన్ కూడా (విశాఖలోనే హైస్కూలు చదివారు) 1907లో కలకత్తాలో అకౌంట్స్ ఆఫీసరుగా చేరి, పదేళ్లపాటు ఆఫీసయ్యాక ల్యాబుకి వెళ్లి పరిశోధన చేశారు, ఆ తర్వాతే ఉద్యోగం వదిలారు. అందరికీ అది కుదరదు, ఇప్పుడు పరికరాల ఖరీదు వేరు, అయినా ఇంట్లో చెప్పడానికి పనికొస్తుంది.

తొమ్మిదో తరగతిలో ఉన్న పిల్లని ఇప్పుడే విశాఖ హాస్టల్లో వేయడం నాకు నచ్చలేదు. ఆ ఫీజులో పదో వంతు పెట్టి ఇంగ్లీషు ఎన్‌సీఈఆర్‌టీ సైన్స్, లెక్కల పుస్తకాలు కొనండి. పాప ఒడియాలో చదువుతోంది, తెలుగులో ఆలోచిస్తోంది, ఐఏటీకి ఇంగ్లీషు పేపర్ చదవాలి. రోజుకో పేజీ చొప్పున ఇప్పటి నుంచే అలవాటు చేస్తే ప్లస్ టూకి వచ్చేసరికి టెన్షన్ ఉండదు. ఫిబ్రవరి 28 సైన్స్ దినోత్సవానికి ఇలాంటి సంస్థలు చాలావరకు బయటి పిల్లల్ని లోపలికి రానిస్తాయి, బరంపురం ఐసర్‌కి ముందుగా ఫోన్ చేసి కనుక్కుని ఒకసారి తీసుకెళ్లండి.

ఇంకొకటి, సరిహద్దులో ఉన్న వాళ్లు చివరి నిమిషంలో ఇరుక్కునేది ఇక్కడే. ఐసర్లలో ఒడిశా వాళ్లా ఆంధ్రా వాళ్లా అనే కోటా లేదు, కానీ ఓబీసీ రిజర్వేషన్‌కి కేంద్రం జాబితా చూస్తారు, ఆ జాబితా రాష్ట్రాల వారీగా ఉంటుంది. శ్రీకాకుళంలో ఉన్న మీ అన్నదమ్ముల కులం ఆంధ్రా జాబితాలో ఉన్నంత మాత్రాన ఒడిశా జాబితాలో ఉందని అనుకోకండి. మీ కులం పేరు అక్కడ ఏ స్పెల్లింగుతో ఉందో కూడా చూడండి, పాప పదో తరగతి ఫారం నింపేలోపే తహసీల్దార్ ఆఫీసులో ఓబీసీ సర్టిఫికెట్ పని మొదలుపెట్టండి.