సాస్ సీసా మూత ఉబ్బింది, షాపు వాపసు తీసుకోనంటే?

ప్రశ్న: మాది హనుమకొండ. పిల్లల కోసం సూపర్ మార్కెట్‌లో రెండు చీజ్ పాస్తా సాస్ సీసాలు కొన్నాను. ఒకటి తెరిచి సగం వాడి ఫ్రిజ్‌లో పెడితే పది రోజులకు బూజు పట్టింది. రెండోది తెరవనేలేదు, మూత ఉబ్బింది. గడువు ఇంకా ఐదు నెలలుంది. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని బిల్లు మీదే ఉందంటున్నారు షాపు వాళ్లు. నేనేం చేయాలి?

జవాబు: అమ్మా, తెరిచిన సీసాను నమ్ముకుని కేసు వేయకండి. లేబుల్ మీది గడువు సీలున్న సీసాకే. తెరిచాక ఎన్ని రోజుల్లో వాడాలో వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది, అవతలి లాయరు మొదట చూపించేది దాన్నే. క్రీము, చీజ్ ఉన్న సాస్ టమాటా కెచప్‌లా నిలవ ఉండదు. పొడి చెంచాతో కావలసినంతే తీసి, వెంటనే మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి. గిన్నెలో మిగిలింది మళ్లీ సీసాలో పోయకూడదు.

మీ బలమంతా రెండో సీసాలో ఉంది. మూత ఉబ్బిందంటే లోపల సూక్ష్మజీవులు పెరిగి గ్యాస్ పుట్టి ఉండవచ్చు. దయచేసి తెరవకండి, రుచి అసలు చూడకండి. కవర్లో కట్టి, పిల్లలకు అందకుండా ఫ్రిజ్‌లో దాచండి. మూత, బ్యాచ్ నంబరు, తేదీ, బిల్లు ఫొటోలు తీసుకోండి.

బిల్లు మీది ఆ మాటకు భయపడొద్దు. లోపమున్న సరుకును వాపసు తీసుకోకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47) ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లులో వాపసు గడువు రాయకపోతే షాపు 30 రోజుల్లోగా వాపసు తీసుకోవాలి. కాబట్టి ఆలస్యం చేయకుండా షాపుకు లెటర్ రాసి, మీ కాపీ మీద సంతకం తీసుకోండి.

కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. కేసు రెండేళ్ల లోపు వేయాలి. మీరు చెల్లించిన ధర 5 లక్షల లోపే కనుక కేసు వేయడానికి ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. తయారీ కంపెనీని కూడా ప్రతివాదిగా చేర్చి, సీలున్న సీసాను ల్యాబ్‌కు పంపమని సెక్షన్ 38 కింద కోరండి. ఎవరికీ జబ్బు చేయలేదు కనుక లక్షలు వస్తాయని మాత్రం ఆశపెట్టుకోకండి.

నాకు అంతకంటే ఆందోళన కలిగించేది షాపులో ఉన్న మిగతా సీసాలు. అదే బ్యాచ్ ఇంకా అమ్ముతుంటే, ఇవాళే జిల్లా ఫుడ్ సేఫ్టీ అధికారికి బ్యాచ్ నంబరుతో ఫిర్యాదు రాయండి. శాంపిల్ తీసి పరీక్షకు పంపే అధికారం, అవసరమైతే సరుకు సీజ్ చేసే అధికారం ఆయనకుంది.