పాత బండికి ఫిట్‌నెస్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న (రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకుడు): సార్, మాది 2010 మోడల్ ఆల్టో, 800 సీసీది, నాన్నగారు ఇష్టపడి కొన్నది. పదిహేనేళ్లు నిండాయని ఆర్సీ రెన్యువల్‌కి తీసుకెళ్తే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు హ్యాండ్‌బ్రేక్ ఆగట్లేదు, హెడ్‌లైట్లు మసకగా ఉన్నాయి, ఎడమ పక్క బ్రేక్ లైటు వెలగట్లేదు అని వెనక్కి పంపేశారు. పొల్యూషన్ గడువు కూడా అప్పుడే అయిపోయింది, మళ్లీ చేయిస్తే ఫెయిల్ అని వచ్చింది, స్లిప్పులో సీఓ (కార్బన్ మోనాక్సైడ్) 1.9, హెచ్‌సీ (హైడ్రోకార్బన్లు) 410 అని ఉంది. మెకానిక్ అన్నీ కలిపి 38 వేలు అంటున్నాడు. నాకు పానా పట్టుకోవడం కొంచెం వచ్చు. ఇందులో ఇంట్లో చేసుకోగలిగేవి ఏంటి?

జవాబు: ఆ పొల్యూషన్ స్లిప్పు పారేయకండి, మీకు సగం మెకానిజం అదే చెప్పేస్తుంది. మీ బండి బీఎస్-3 (అప్పటి పొగ నిబంధనల స్థాయి) పెట్రోల్ కారైతే సీఓ 0.5 శాతం, హెచ్‌సీ 750 దాటకూడదు. మీకు హెచ్‌సీ 410 అంటే పాసే, తేడా అంతా సీఓ దగ్గరే. హెచ్‌సీ ఎక్కువొస్తే స్పార్క్ ప్లగ్గు సరిగా కొట్టక పెట్రోలు కాలకుండానే బయటికి పోతోందని అర్థం, సీఓ మాత్రమే ఎక్కువంటే గాలి తక్కువ పెట్రోలు ఎక్కువ పడుతోందని అర్థం. కాబట్టి ముందు ఎయిర్ ఫిల్టర్ తీసి ఎండకి పట్టుకుని చూడండి, వెలుతురు కనపడకపోతే దులపడాలు ఏమీ వద్దు, కొత్తది వేసేయండి, పెద్ద ఖర్చేం కాదు. తర్వాత ప్లగ్గులు, మీ ఇంజిన్‌కి మూడే సిలిండర్లు కాబట్టి మూడే ప్లగ్గులు. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే విప్పండి, హెడ్ అల్యూమినియంది, వేడి మీద బలవంతంగా తిప్పితే మరలు పోతాయి, అప్పుడు నిజంగానే 38 వేలు అవుతుంది. తీసిన ప్లగ్గు ముక్కు లేత గోధుమ రంగులో ఉంటే బాగున్నట్టు, పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ పడుతున్నట్టు, ఆయిల్ తడి ఉంటే మాత్రం ఇంజిన్ లోపల పని ఉన్నట్టు. కొత్తవి బిగించేటప్పుడు మొదటి చుట్లు చేత్తోనే తిప్పండి, పానా ఆఖర్లోనే.

ఈ రెండూ చేశాక కూడా సీఓ దిగకపోతే సైలెన్సర్ పైపు చూడండి. ఇంజిన్‌కీ, పొగలో మిగిలిన ఆక్సిజన్‌ని కొలిచే ఆక్సిజన్ సెన్సర్‌కీ మధ్యలో చిన్న చిల్లు పడినా బయట గాలి లోపలికి పోతుంది, సెన్సర్ ఏమో అబ్బో గాలి ఎక్కువైంది అనుకుంటుంది, కంప్యూటర్ ఇంకాస్త పెట్రోలు పోస్తుంది. ఇలా చిల్లు దొరక్క సెన్సర్లు మార్చేసి డబ్బు పోగొట్టుకున్నవాళ్లని చాలామందిని చూశాను, బాధేస్తుంది. కిందకి దూరాల్సొస్తే జాకీ ఒక్కదాన్నే నమ్మొద్దు, స్టాండ్లు పెట్టండి, పైగా స్టెప్నీ టైరు కూడా బండి కింద పడుకోబెట్టండి, ఇది మాత్రం బతిమాలి చెప్తున్నా.

ఇంకో మాట, పొల్యూషన్ సెంటర్ ఇంటి పక్కనే ఉందని చల్లటి ఇంజిన్‌తో వెళ్లొద్దు. సైలెన్సర్‌లో ఉండే, పొగలో విషాన్ని తగ్గించే కన్వర్టర్ బాగా కాగితేనే పని చేస్తుంది, ఒక ఇరవై నిమిషాలు రోడ్డు మీద తిప్పి, ఆపకుండా నేరుగా మిషన్ దగ్గరికి తీసుకెళ్లండి.

లైట్లు పూర్తిగా మీ చేతిలో పనే. బ్రేక్ లైటు ఒక పక్కే పోయిందంటే పెడల్ దగ్గర స్విచ్ బాగానే ఉన్నట్టు, బల్బో, హోల్డర్లో తుప్పో, ఎర్త్ వైరో అయ్యుంటుంది. హెడ్‌లైట్ ప్లాస్టిక్ పచ్చబడితే చుట్టూ పెయింటుకి టేపు అంటించి, నీళ్లు పోస్తూ 800, 1500, 2000 నంబర్ వాటర్ పేపర్లతో వరసగా రుద్ది, పాలిష్ పెట్టండి. పైన కోటింగ్ వేయకపోతే కొన్ని నెలల్లో మళ్లీ పచ్చబడుతుంది. బల్బు 60/55 వాట్ల హెచ్4 అదే వేయండి, ఎక్కువ వాట్లది వేస్తే వైరింగ్ కాలుతుంది, బల్బు గాజుని వేళ్లతో ముట్టుకోవద్దు, చేతి జిడ్డు అంటినచోట వేడెక్కి త్వరగా పోతుంది.

హ్యాండ్‌బ్రేక్ దగ్గర మాత్రం ఆగండి. లివర్ కింద నట్టు బిగిస్తే ఇన్‌స్పెక్టర్ ముందు ఆగుతుంది నిజమే, కానీ లోపల బ్రేక్ షూలు అరిగిపోయి ఉంటే అది లోపం దాచడమే, రేపు ఘాట్ రోడ్డు మీద ఏమవుతుందో ఆలోచించండి. వెనక డ్రమ్ములు విప్పి షూలు, వీల్ సిలిండర్ లీకు చూడటం మెకానిక్ చేతే చేయించండి, మీరు పక్కనే నిలబడి చూడండి. స్టీరింగ్ పని, వెల్డింగ్ కూడా అంతే. గోదావరి గాలికి డోర్ల కింద, ఫ్లోర్‌లో తుప్పు పడుతుంది, స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడండి, మెత్తగా దిగబడితే రేకు కోసి టింకరింగ్ చేయించాలి. లప్పం పూసి పెయింట్ కొట్టడం దయచేసి వద్దు.

ఇంజిన్ రూమ్‌లో ఛాసిస్ నంబర్ ఉన్నచోట కిరసనాయిలు గుడ్డతో తుడిచి పెట్టుకోండి, పెన్సిల్ ప్రింట్ తీస్తారు కదా, అక్కడ మాత్రం గ్రైండర్ పెట్టారో అంకెలు చెరిగిపోయి ఇంకో పెద్ద తలనొప్పి. అద్దాలకి బ్లాక్ ఫిల్మ్ ఉంటే పీకేయండి, 2012లోనే సుప్రీంకోర్టు వద్దంది. టైర్ల గాడి 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు, గాడిలో చిన్న దిమ్మ ఉంటుంది, రబ్బరు దాని మట్టానికి వచ్చేస్తే టైరు అయిపోయినట్టే. రెన్యువల్ అయితే ఐదేళ్లు ఇస్తారు, 2022 ఏప్రిల్‌లో కారుకి ఫీజు 5,000 చేశారు, గ్రీన్ ట్యాక్స్ వేరే.

ప్రశ్న (అమెరికా, ప్లేనో నుంచి ఒక పాఠకురాలు): అన్నా, నాది 2009 క్యామ్రీ. చెక్ ఇంజిన్ లైట్ వస్తే నేనే ఆక్సిజన్ సెన్సర్ మార్చి, స్కానర్‌తో కోడ్ చెరిపేసి మర్నాడే టెస్ట్‌కి వెళ్లా. లైట్ లేదు, అయినా నాట్ రెడీ అని పంపేశారు. ఎందుకు?

జవాబు: నువ్వే సెన్సర్ మార్చుకున్నావంటే నిజంగా సంతోషమమ్మా. తప్పేం చేయలేదు, తొందరపడ్డావంతే. కోడ్ చెరిపితే, బ్యాటరీ తీసినా సరే, బండి తనని తాను పరీక్షించుకునే మానిటర్లన్నీ మళ్లీ మొదటికొస్తాయి. 2001 తర్వాతి బండికి ఒక్క మానిటర్ మిగిలినా పర్లేదు, రెండైతే ఒప్పుకోరు. రాత్రంతా ఆపి పొద్దున చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, ఊళ్లో కాసేపు, హైవే మీద ఒకే స్పీడ్‌లో కాసేపు, ఇలా కొన్ని రోజులు నడుపు. ట్యాంక్ మరీ ఫుల్లుగానూ మరీ ఖాళీగానూ ఉంచకు, పెట్రోలు ఆవిరి మానిటర్ అప్పుడు పూర్తవదు. నీ స్కానర్‌లోనే మానిటర్ల పేజీ ఉంటుంది, అది చూసుకునే వెళ్లు.

టెక్సస్‌లో 2025 జనవరి 1 నుంచి సొంత కార్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు, మీ కాలిన్ కౌంటీలో పొగ టెస్ట్ ఒక్కటే మిగిలింది. అంటే బ్రేకులు, టైర్లు ఇప్పుడు ఎవరూ చూడరు. ఎలాగూ చెయ్యి తిరిగింది కాబట్టి ఈ వీకెండ్ చక్రాలు విప్పి బ్రేక్ ప్యాడ్‌లు ఎంత మిగిలాయో చూడు, 3 మిల్లీమీటర్లకి వచ్చేస్తే మార్చేయ్.