కలివికోడి కోడేనా?

సందేహం: కడప అడవుల్లోని కలివికోడి శాస్త్రప్రకారం కోడిజాతి కాదని చదివాను. మరి ఆ పేరు తప్పే కదా? 'కలివిపిట్ట' అంటే సరిపోతుందా?

సమాధానం: పేరు జోలికి వెళ్లకండి. పక్షిశాస్త్రం దాన్ని తీతువులు, ఉల్లంకులు ఉండే వర్గంలో చేర్చిన మాట నిజమే. కానీ మనవాళ్లు పట్టిక చూసి పేరు పెట్టలేదు. కలివి పొదల సందుల్లో నేల మీద పరుగెత్తేది కనక కలివికోడి. నీటికోడి మాత్రం కోడా? అది సారసాల వర్గం. నెమలి, కౌజుపిట్ట అచ్చంగా కోడి కుటుంబంలోవే, వాటిని కోడి అని ఎవరంటున్నారు?

అసలు 'కోడి' వయసెంతో చూడండి. తమిళ మలయాళాల్లో కోఴి, కన్నడంలో కోళి. ఆ ఴ ఒకప్పుడు మనకూ ఉండేది. రేనాటి చోళుల శాసనాల్లో 'చోఴ' అని ఆ అక్షరంతోనే కనిపిస్తుంది. రేనాడంటే కడప సీమే, అంటే ఈ పిట్ట ఉన్న చోటే! తర్వాత తెలుగులో అక్షరం జారిపోయి, మాట నడుమ చాలాచోట్ల డ నిలిచింది. తమిళుల ఏఴు మనకు ఏడు, వాళ్ల నిఴల్ మన నీడ, అలాగే కోఴి కోడి. పైగా ఈ మాటకు ఆడా మగా లేదు. కావాలంటే పుంజనో పెట్టనో తగిలించుకోవాలి. సంస్కృతం నుంచి వచ్చిన కుక్కుటం కావ్యాల్లో కూర్చుంది గాని పెరట్లోకి దిగలేదు.

నాకు చిరాకు తెప్పించేది వేరే ఉంది. వార్తల్లో 'కలివికోడి పక్షి' అంటారు. కాకి పక్షి అంటామా? ఇంకొకరు 'కోడిజాతికి చెందిన అరుదైన పక్షి' అని రాసేస్తారు. మరొకరికి తెలుగు పేరే తెలియదు, 'జెర్డాన్స్ కోర్సర్' అని హెడ్డింగ్ పెడతారు. 1900 తర్వాత శాస్త్రజ్ఞుల కంటపడని ఈ పిట్ట 1986లో రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది. అక్కడి జనం నోట్లో పేరుండగా అరువు దేనికి?

శాస్త్రవ్యాసమైతే కుటుంబం ఏదో ఒక్కసారి చెప్పి, తర్వాత కలివికోడి అనే రాయండి. సమాసం కనక కలిపి రాయడమే నాకిష్టం. విడదీస్తే తప్పని మాత్రం అనలేను.